గుండె బలహీనంగా ఉండి కిడ్నీ కూడా దెబ్బతిన్నవాళ్ళకి థైరాయిడ్ మాత్ర ఎలా వేయాలి

ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ తక్కువ ఉందని తేలితే మనం పెద్దగా పట్టించుకోం. పక్కింటావిడ వేసుకుంటుంది, పెద్దమ్మ వేసుకుంటుంది, ఆఫీసులో నలుగురైదుగురు వేసుకుంటారు, పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర, అంతే కదా అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. మా అమ్మకి అప్పుడు 71 ఏళ్ళు, గుండె పంపింగ్ 35 శాతం, క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగేది) 1.9, సాయంత్రానికల్లా కాళ్ళు ఉబ్బిపోయేవి. ఆ పరిస్థితిలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది) 48 అని రిపోర్టు వచ్చింది. ఆ రోజు గుండె డాక్టరు గారు రిపోర్టు చూసి, "ఇది విటమిన్ మాత్ర కాదమ్మా, హార్మోన్. మీ అమ్మగారి గుండెకి దీన్ని నెమ్మదిగా అలవాటు చేయాలి" అన్నారు. ఆ తర్వాతి ఏడాదిలో మేం నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మోతాదు నిర్ణయించడం డాక్టరు పని, కానీ ఆ మోతాదు శరీరంలోకి సరిగ్గా వెళ్తోందా, వెళ్ళాక ఏం చేస్తోంది అని రోజూ చూడాల్సింది ఇంట్లోవాళ్ళే.

ముందు సంగతేమిటో కాస్త అర్థం చేసుకోండి, లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ చాదస్తంలా కనిపిస్తాయి. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే గుండె నెమ్మదిగా, బలం లేకుండా కొట్టుకుంటుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, కొందరికి గుండె చుట్టూ నీరు కూడా చేరుతుంది. గుండె తక్కువ రక్తం తోస్తే కిడ్నీకి వెళ్ళే రక్తమూ తగ్గుతుంది, వడపోత మందగిస్తుంది, క్రియాటినిన్ పెరుగుతుంది, నీరు బయటికి పోక ఒంట్లోనే నిలిచిపోయి సోడియం పడిపోతుంది. అందుకే కొందరిలో "కిడ్నీ పాడైపోయింది" అనుకున్నదాంట్లో కొంత భాగం నిజానికి థైరాయిడ్ వల్ల వచ్చినది, మాత్ర సరిగ్గా పడితే ఆ భాగం వెనక్కి వస్తుంది. అమ్మ క్రియాటినిన్ ఐదు నెలల్లో 1.9 నుంచి 1.4కి దిగింది. పూర్తిగా మామూలు కాలేదు, ఎందుకంటే అమ్మకి షుగర్ కూడా ఉంది, దాని వల్ల కిడ్నీలో పోయింది తిరిగి రాదు.

ఇక రెండో వైపు. ఇదే హార్మోన్ ఒక్కసారిగా ఎక్కువైతే గుండె వేగం పెరుగుతుంది, దానికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది, అసలే అలసిన గుండె ఆ పని మోయలేక లయ తప్పుతుంది. డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనేది అదే, పక్షవాతానికి దారితీసే లయ. తక్కువైతే ఒక ప్రమాదం, ఎక్కువైతే ఇంకో ప్రమాదం.

సరే, పనిలోకి వద్దాం.

మొట్టమొదట, మాత్ర నిజంగా అవసరమేనా అని అడగండి. ఆయాసంతో ఆసుపత్రిలో చేరినప్పుడు, ఐసీయూలో ఉన్నప్పుడు చేసిన థైరాయిడ్ పరీక్షని ఒక్కదాన్నే పట్టుకుని మందు మొదలుపెట్టకూడదు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ దానంతట అదే పడిపోతుంది, కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్ళు పెరిగి తర్వాత దిగిపోతుంది. ఇంటికొచ్చి ఆరు వారాలయ్యాక మళ్ళీ చేయించి, దాంతోపాటు ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాయిడ్ హార్మోన్) కూడా చూడమనండి. ఫ్రీ టీ4 మామూలుగా ఉండి టీఎస్‌హెచ్ 10 లోపే ఉంటే, 70 దాటిన వాళ్ళకి చాలామంది డాక్టర్లు మందు మొదలుపెట్టకుండా గమనిస్తూ ఉంటారు. 2017లో వచ్చిన ట్రస్ట్ అనే అధ్యయనంలో 65 ఏళ్ళు దాటిన 737 మందిని చూశారు, అంత స్వల్పంగా తగ్గినవాళ్ళకి మాత్ర ఇచ్చినా నీరసంలో, ఇతర లక్షణాల్లో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. మా అమ్మది 48 కాబట్టి ఆ చర్చే రాలేదు. మీ ఇంట్లోవాళ్ళది 6.8 అయితే మాత్రం ఆ ప్రశ్న తప్పకుండా అడగండి.

ఇంకొకటి, ఇది ఆడవాళ్ళ విషయంలో మర్చిపోవద్దు. ఎప్పుడో కాన్పులో విపరీతంగా రక్తం పోయి, ఆ తర్వాత పాలు పడక, నెలసరి మళ్ళీ రాకుండా ఆగిపోయిన తల్లులు మన ఊళ్ళలో ఉన్నారు, వాళ్ళలో కొందరికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఉంటుంది. టీఎస్‌హెచ్ ఆ గ్రంథి నుంచే రావాలి కాబట్టి వాళ్ళకి అది పెరగదు, ఫ్రీ టీ4 మాత్రమే తక్కువ ఉంటుంది, దాంతోపాటు కార్టిసాల్ (బీపీని నిలబెట్టే ఇంకో హార్మోన్) కూడా తక్కువగా ఉండొచ్చు. కార్టిసాల్ లోటు సరిచేయకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ముప్పై నలభై ఏళ్ళ కిందటి కాన్పు సంగతి డాక్టరు అడగకపోవచ్చు, అమ్మ సిగ్గుపడి చెప్పకపోవచ్చు. మీరు అడిగి తెలుసుకుని చెప్పండి.

అలాగే వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. గుండె లయ కోసం అమియోడరోన్ (కార్డరోన్ పేరుతో ఎక్కువగా దొరుకుతుంది) వాడుతుంటే థైరాయిడ్ తగ్గడానికి అదే కారణం కావచ్చు, దానిలో అయోడిన్ చాలా ఎక్కువ. అలాగని మీరే ఆపేయకండి, ఆ మాత్ర గుండెని కాపాడుతూ ఉండొచ్చు.

తర్వాత మోతాదు. వయసు తక్కువగా ఉండి గుండె బాగున్న మనిషికి బరువుని బట్టి పూర్తి మోతాదు మొదటి రోజు నుంచే ఇవ్వొచ్చు. గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ళకి 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి కొంచెం కొంచెం పెంచుతారు. "ఇంత తక్కువా? మా ఆడపడుచు 100 వేసుకుంటుంది" అని చుట్టాలు అంటారు. అననివ్వండి.

ఇక్కడ మాకు జరిగిన ఒక పొరపాటు చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరికైనా జరగొచ్చు. డాక్టరు 12.5 రాశారు. మందుల షాపులో 125 ఇచ్చారు. రెండూ అదే కంపెనీ, అదే రకం డబ్బా, మధ్యలో ఒక చుక్క తేడా. నేను బిల్లు చూసుకున్నాను గానీ డబ్బా మీద అంకె చూడలేదు. ఐదో రోజు పొద్దున అమ్మ "గుండెల్లో ఎవరో పరిగెడుతున్నట్టుందే" అంది, నాడి చూస్తే 112. ఆ రోజు ఆసుపత్రిలో గడిచిన గంటలు నాకిప్పటికీ గుర్తే. మాత్ర ఆపించి, ఈసీజీ తీసి, రెండు వారాలు ఆగి మళ్ళీ 12.5తో మొదలుపెట్టారు, అదృష్టం కొద్దీ పెద్ద ప్రమాదం తప్పింది. కాబట్టి డాక్టరు దగ్గరే చీటీ మీద "పన్నెండున్నర" అని అక్షరాల్లో రాయించుకోండి, షాపులోనే డబ్బా తిప్పి అంకె చదవండి, ఇంటికొచ్చాక ఇంకొకరితో చదివించండి. థైరోనార్మ్ అయినా ఎల్ట్రాక్సిన్ అయినా ఒక కంపెనీ మొదలుపెడితే అదే వాడండి. షాపువాళ్ళు "అదే మందు, కంపెనీ వేరు" అని మార్చి ఇస్తే వద్దనండి, తప్పనిసరై మారిస్తే ఆరు వారాలకి పరీక్ష చేయించండి.

ఇప్పుడు టైము విషయం, దీని మీదే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను. మాత్ర పరగడుపున, మంచినీళ్ళతో. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట దాకా కాఫీ లేదు, టీ లేదు, రాగిజావ లేదు, ఇతర మాత్రలు లేవు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఈ గంట ఎంత కష్టమో నాకు తెలుసు, తెల్లారి లేవగానే ఫిల్టర్ కాఫీ పడకపోతే అమ్మకి తలనొప్పి. చివరికి మేం చేసింది ఏమిటంటే, అయిదింటికి ఆవిడ ఎలాగూ బాత్రూమ్‌కి లేస్తుంది, మంచం పక్కనే డబ్బా, గ్లాసు నీళ్ళు పెట్టేశాం, వేసుకుని మళ్ళీ పడుకుంటుంది, ఆరున్నరకి కాఫీ. మీకు పొద్దున అసలు కుదరకపోతే రాత్రి భోజనం అయిన మూడు గంటల తర్వాత వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగండి, అలా వేసుకునేవాళ్ళు ఉన్నారు. రోజూ ఒకే టైము పాటించడం ముఖ్యం.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కుంది. వాళ్ళు వాడే మందుల్లో థైరాయిడ్ మాత్రని కడుపులోనే పట్టి ఆపేసేవి చాలా ఉంటాయి. కాల్షియం (షెల్‌కాల్ లాంటివి), ఐరన్ మాత్రలు, ఫాస్ఫరస్ తగ్గడానికి అన్నంతోపాటు ఇచ్చే సెవెలమర్ లేదా కాల్షియం ఎసిటేట్, గ్యాస్‌కి తాగే జెలూసిల్ లాంటి తెల్ల మందులు. వీటికీ థైరాయిడ్ మాత్రకీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. అమ్మకి మూడు నెలలు మాత్ర వేసినా టీఎస్‌హెచ్ 30 కిందికి దిగలేదు, మోతాదు పెంచాలేమో అనుకుంటుండగా ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గర కూర్చున్న నర్సమ్మ, "పొద్దున ఇంకేం వేస్తారు?" అని ఒక్క మాట అడిగింది. కాల్షియం, థైరాయిడ్ రెండూ కలిపి వేస్తున్నాం! కాల్షియాన్ని రాత్రి భోజనం తర్వాతకి మార్చాం, మోతాదు మార్చకుండానే టీఎస్‌హెచ్ రెండు నెలల్లో 11కి వచ్చింది. ఇది తెలియక ముందే మోతాదు పెంచేసి ఉంటే, తర్వాత ఎప్పుడో కాల్షియం ఆపినప్పుడు ఆ పెరిగిన మోతాదంతా ఒంటికి పట్టి గుండె మీద పడేది. ఒక కాగితం మీద రోజు మొత్తం గీసి, ఏ గంటకి ఏ మాత్రో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అసిడిటీకి వాడే పాంటోప్రజోల్ కూడా పట్టడాన్ని కొంత తగ్గిస్తుంది, అది కొత్తగా మొదలుపెట్టినా ఆపినా డాక్టరుకి చెప్పండి.

ఒక రోజు మర్చిపోతే కంగారు లేదు. ఈ హార్మోన్ ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది. కానీ మర్నాడు రెండు వేయడం మాత్రం గుండె జబ్బు ఉన్నవాళ్ళకి వద్దు. డబ్బాని ఎండ తగిలే కిటికీలోనో, స్టవ్ పక్కనో, తడి ఉండే బాత్రూమ్ అలమరలోనో పెట్టకండి. మన ఎండాకాలంలో ఇంట్లో ఎక్కడ చల్లగా, పొడిగా ఉంటుందో అక్కడ ఉంచండి.

రోజూ పొద్దున చేయాల్సిన పని ఐదు నిమిషాలే. మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూడండి, ఒకే మిషన్, దాదాపు ఒకే రకం బట్టలు. కూర్చోబెట్టి ఐదు నిమిషాలయ్యాక మణికట్టు దగ్గర నాడి పట్టుకుని పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే లయ తప్పడం తెలియదు. బీపీ మిషన్ ఉంటే అదీ. నోటు పుస్తకంలో తేదీ, బరువు, నాడి, బీపీ, కాళ్ళ వాపు, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంది అని రాయండి. దిండ్ల లెక్క చాలా ముఖ్యం, ఒక దిండుతో పడుకునే మనిషి మూడు అడుగుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి.

వాపు గురించి ఒక చిన్న పరీక్ష. కాలి ఎముక మీద వేలితో కొన్ని సెకన్లు నొక్కండి. గుంట పడి నెమ్మదిగా పూడితే ఎక్కువగా గుండె, కిడ్నీ నీరు. గుంట పడకుండా గట్టిగా, పిండిముద్దలా ఉంటే థైరాయిడ్ వాపు కావచ్చు. రెండూ కలిసి ఉండేవాళ్ళూ ఉంటారు, కాబట్టి దీన్ని బట్టి మీరే మందు నిర్ణయించకండి, డాక్టరుకి చెప్పడానికి మాత్రమే.

థైరాయిడ్ సర్దుకుంటున్న కొద్దీ మిగతా మందుల లెక్క కూడా మారుతుంది. ఇది మాకెవరూ ముందుగా చెప్పలేదు. గుండె, కిడ్నీ మెరుగై నిలిచిన నీరు బయటికి పోవడం మొదలైతే, అంతకుముందు సరిపోయిన లాసిక్స్ లేదా డైటర్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసి నీరు తీసే మాత్రలు) మోతాదు ఇప్పుడు ఎక్కువైపోతుంది. లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, నోరు ఎండిపోవడం, బరువు బాగా పడిపోవడం, తగ్గుతూ వచ్చిన క్రియాటినిన్ మళ్ళీ పెరగడం, ఇవన్నీ ఆ గుర్తులు. రక్తం పలచబడే మందు అసిట్రోమ్ లేదా వార్ఫరిన్ వాడేవాళ్ళకి ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) పెరుగుతుంది, చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటి మీద నల్ల మచ్చలు కనిపిస్తే ఆలస్యం చేయకండి. థైరాయిడ్ మోతాదు మార్చిన ప్రతిసారీ ఐఎన్ఆర్ ఎప్పుడు చూపించాలో అడగండి. గుండెకి డిగాక్సిన్ వాడేవాళ్ళకీ, ఇన్సులిన్ వాడేవాళ్ళకీ మోతాదు సరిచేయాల్సి రావచ్చు. కొలెస్టరాల్ మాత్రతో కండరాల నొప్పులు వస్తున్నాయని ఎవరైనా ఆపేసి ఉంటే, ఆ నొప్పులకి థైరాయిడ్ కూడా కారణం కావచ్చు, మళ్ళీ అడిగి చూడండి.

రక్తపరీక్ష ఎప్పుడంటే, మాత్ర మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి, మోతాదు మార్చిన ప్రతిసారీ మళ్ళీ అంతే గడువుకి. అంతకంటే ముందు చేయిస్తే అంకె ఇంకా నిలకడగా ఉండదు, అది చూసి అనవసరంగా టెన్షన్ పడతాం. ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేయండి. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. అవి కొన్ని మిషన్లలో థైరాయిడ్ రిపోర్టుని తప్పుగా చూపిస్తాయి, మామూలు వాళ్ళయితే కనీసం రెండు రోజుల ముందు ఆపితే సరిపోతుంది, కిడ్నీ బలహీనమైతే అవి ఒంట్లో ఎక్కువ రోజులు ఉంటాయి కాబట్టి ఎన్నాళ్ళ ముందు ఆపాలో అడగాలి. థైరాయిడ్‌తోపాటు క్రియాటినిన్, సోడియం, పొటాషియం అదే రోజు చేయిస్తే పోల్చుకోవడం సులువు. పెద్ద వయసులో టీఎస్‌హెచ్‌ని కుర్రవాళ్ళ అంకెకి దించాలని పట్టుబట్టకండి, 70 దాటినవాళ్ళకి 4 నుంచి 6 మధ్య ఉన్నా చాలనుకునే డాక్టర్లు ఉన్నారు. రిపోర్టులో ఎర్ర అక్షరాలు కనబడితే మోతాదు పెంచమని మేమే అడిగాం ఒకసారి, ఆయన సున్నితంగా వద్దన్నారు.

తిండి దగ్గర ఒక్క అపోహ తొలగించాలి. థైరాయిడ్ ఉందని అయోడిన్ ఉప్పు ఎక్కువ తినక్కర్లేదు. గుండెకి ఆ ఉప్పే శత్రువు. ఆవకాయ, అప్పడం, వడియం, చల్ల మిరపకాయ, వీటిలో పోయే ఉప్పుని మనం లెక్కలోకే తీసుకోం. అలాగని "తక్కువ సోడియం" ఉప్పు కొనకండి, దానిలో పొటాషియం ఉంటుంది, కిడ్నీ బలహీనంగా ఉండి స్పైరోనోలాక్టోన్ లాంటివి (పొటాషియాన్ని ఒంట్లోనే ఉంచే గుండె మాత్రలు) వాడే మనిషికి అది ప్రమాదం. కొబ్బరి నీళ్ళూ అంతే. క్యాబేజీ, కాలిఫ్లవర్ వండుకుని మామూలుగా తింటే ఈ మాత్ర వాడేవాళ్ళకి భయం లేదు.

మోకాళ్ళ నొప్పులకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు షాపులో అడిగి కొనకండి, అవి ఒంట్లో నీరు నిలబెట్టి గుండెకీ కిడ్నీకీ ఒకేసారి హాని చేస్తాయి. ఊళ్ళో వేసే "నొప్పి ఇంజెక్షన్"లో ఏముందో అడగండి. అది స్టెరాయిడ్ కావచ్చు, స్టెరాయిడ్ కూడా హార్మోనే. అది షుగర్ పెంచుతుంది, ప్రెడ్నిసొలోన్ లాంటివైతే ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి, చాలాకాలం వాడాక హఠాత్తుగా ఆపితే ఇంకో ప్రమాదం. కిడ్నీ పేషెంట్లకి రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షనూ హార్మోనే. హిమోగ్లోబిన్ 13 దాకా తీసుకెళ్ళాలనే ఆశ వద్దు, అంత పెంచినప్పుడు పక్షవాతం, రక్తం గడ్డకట్టడం లాంటివి పెరుగుతాయని తేలింది, సాధారణంగా 11.5 దాటకుండా చూస్తారు.

ఇదంతా చదివి భయపడి మాత్ర మానేసేవాళ్ళుంటారని నాకు భయం. అందుకే ఒక పాత సంగతి చెప్తాను. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే డాక్టరు, థైరాయిడ్ పూర్తిగా అడుగంటిన 46 ఏళ్ళ ఆవిడకి గొర్రె థైరాయిడ్ గ్రంథి రసాన్ని ఎక్కించాడు. అంతకుముందు ఆ జబ్బుకి మందే లేదు. ఆవిడ ఆ తర్వాత 28 ఏళ్ళు బతికి, 74వ ఏట గుండె బలహీనపడి పోయింది. ఆ 28 ఏళ్ళకీ కలిపి 870 గొర్రెల గ్రంథులు పట్టాయట. ఇప్పుడు అదే హార్మోను మనకి మైక్రోగ్రాముల్లో కొలిచి దొరుకుతోంది.

చివరగా, ఎప్పుడు ఫోన్ చేయాలి, ఎప్పుడు బయల్దేరాలి. ఒక్క రోజులో కిలో కంటే ఎక్కువో, మూడు రోజుల్లో రెండు కిలోలో బరువు పెరిగితే, కూర్చుని ఉన్నా నాడి 100 దాటితే, చేతులు వణుకుతూ నిద్ర పట్టకపోతే, మూత్రం బాగా తగ్గితే అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయండి. ఛాతీలో నొప్పి, పడుకుంటే ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం, నోరో చెయ్యో ఒక పక్కకి వంకరపోవడం, లేదా ఒళ్ళు చల్లబడి మగతగా పిలిచినా పలకకపోవడం కనిపిస్తే ఫోన్‌లో సలహాలు అడుగుతూ కూర్చోకండి, 108కి చేయండి. బండి వచ్చేలోపు మందుల సంచి, నోటు పుస్తకం తలుపు దగ్గర పెట్టండి. పుస్తకం మొదటి పేజీలో మాత్ర పేరు, మోతాదు అక్షరాల్లో, ఏ టైముకి వేస్తున్నారో, ఆఖరి టీఎస్‌హెచ్, క్రియాటినిన్, గుండె పంపింగ్ శాతం రాసి ఉంచండి, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు మొదట అడిగేవి అవే.